చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లు డబ్బు అడగొచ్చా? అడిగితే ఎలా అడగాలి?

స్వరసేవ_తెనాలి
నవంబరు 17, రాత్రి 9:52

అందరికీ వందనాలు. తెనాలి పక్కన ఒక సంఘంలో కీబోర్డు వాయిస్తాను. సండే స్కూలు రోజుల నుంచీ నాది అదే మందిరం. పగలు ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరుగా పని. పెళ్లయింది, ఒక పాప.

ఆదివారం పొద్దున రెండు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు. ఇవి కాక సంఘంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, భూస్థాపనలు. వీటికి జీతమంటూ ఏదీ లేదు. క్రిస్మస్‌కి బట్టలు పెడతారు, ఎప్పుడైనా ఒక కవరు ఇస్తారు. దాని గురించి నేనెప్పుడూ నోరు తెరవలేదు.

పోయిన డిసెంబరులో జరిగింది మాత్రం మనసులో ఉండిపోయింది. సెమీ క్రిస్మస్‌కి సౌండ్ సిస్టమ్ వాళ్లకి, లైటింగ్‌కి, షామియానాకి బిల్లు ప్రకారం ఇచ్చారు. బయటి నుంచి పిలిచిన ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) ఆర్టిస్టుకి స్టేజీ ఎక్కకముందే డబ్బు చేతిలో పెట్టారు. ఆయనకి పాటలన్నీ వినిపించింది, ఏ పాట ఏ స్కేలో రాసిచ్చింది నేనే. నన్ను మాత్రం "నువ్వు మన బిడ్డవే కదా" అన్నారు. అదే రాత్రి కరెంటు పోయి జనరేటర్ వేసేటప్పుడు వోల్టేజీ పెరిగి నా కీబోర్డు అడాప్టర్ కాలిపోయింది. అదీ నేనే కొనుక్కున్నాను. కీబోర్డు నాది, ఈఎంఐ ఇంకా కడుతున్నాను.

మళ్లీ డిసెంబరు వస్తోంది. ఇంట్లో ఈ విషయం మీద మాటలు కూడా అవుతున్నాయి. దేవుని పనికి డబ్బు అడగడం తప్పా? తప్పు కాకపోతే ఎవరిని, ఏమని అడగాలి? ఈ పరిస్థితి చూసినవాళ్లు చెప్పండి.

తబలా_విజయవాడ
నవంబరు 17, రాత్రి 10:31

తమ్ముడూ, నేను హిందువుని. దసరాకి గుళ్లలో, డిసెంబరులో చర్చిల్లో వాయిస్తాను. మీరు చెప్పిన ఆ బయటి ఆర్టిస్టుని నేనే అనుకోండి. నాలాంటివాళ్లకి డబ్బు ఎందుకు అందుతుందంటే ఫోన్లోనే అన్నీ మాట్లాడుకుంటాం. ఎన్ని గంటలకి రావాలి, ఎన్నింటికి వదులుతారు, సౌండ్ చెక్ ఉందా, బండి మీద వస్తే పెట్రోలు ఎవరిది, తబలా, డగ్గా రెండే చాలా, డోలక్ కూడా తేవాలా. సగం అడ్వాన్సు వస్తేనే ఆ తేదీ ఖాయం చేస్తాను. పిలిచినవాళ్లు ఎవరూ దీన్ని తప్పుగా తీసుకోలేదు.

నన్ను బాధపెట్టేది వేరే సంగతి. స్టేజీ మీద నా పక్కనే ఆ సంఘం కుర్రాడు ఉంటాడు. నాకంటే రెండు గంటలు ముందొచ్చి వైర్లు కలుపుతాడు, నేను వెళ్లాక స్టాండ్లు మోస్తాడు. నాకు భోజనం, డబ్బు, శాలువా. అతనికి భోజనం కూడా అందరూ తిన్నాకే. ఇంటివాడైనందుకు ఇంకొంచెం బాగా చూడాలి కదా.

కోశాధికారి_ఏలూరు
నవంబరు 18, ఉదయం 6:15

బ్రదర్, మీ బాధ అర్థమైంది. కానీ కమిటీలో కూర్చునేవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

మా సంఘంలో ఆదివారం కానుకల్లోంచి ముందు పాస్టరు గారి జీతం, తర్వాత కరెంటు బిల్లు, డయాసిస్‌కి (మా చర్చిలన్నిటి పై పాలక మండలికి) పంపాల్సిన వాటా పోవాలి. ఆ తర్వాత మిగిలేది కొద్దిగానే. కీబోర్డు వాయించే అబ్బాయికి ఇస్తే సండే స్కూలు టీచర్లు ఏమనుకోవాలి? తెల్లవారుజామున వచ్చి చాపలు పరిచే పెద్దాయన ఏమనుకోవాలి? ప్రేమ విందు రోజు పొయ్యి దగ్గర నిలబడే అక్కలు ఏమనుకోవాలి? అందరూ తమ వంతు చేస్తున్నారు. ఒకరికి రేటు కడితే మిగతావాళ్లది సేవ, ఇతనిది ఉద్యోగం అయిపోతుంది. ఈ భయంతోనే చాలా కమిటీలు ఈ విషయం ఎత్తవు. డబ్బు మీద ఆశతో కాదు.

లూథరన్_మాస్టారు_గుంటూరు
నవంబరు 18, ఉదయం 8:40

కోశాధికారి గారూ, మీ భయం నిజమైనదే. అయినా మీరు చెప్పిన పనులకీ దీనికీ ఒక తేడా ఉంది. చాపలు పరిచే పెద్దాయన సొంత చాపలు ఈఎంఐ మీద కొని తేవడం లేదు. ఆయన రాని రోజు ఇంకొకరు పరుస్తారు. కీబోర్డు వాయించే అబ్బాయి రాకపోతే ఆ రోజు ఆరాధన ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య అది. నా దగ్గర ట్రినిటీ గ్రేడ్ సంగీత పరీక్షలకి చదివే పిల్లల ఇళ్లలో చూస్తుంటాను. పరీక్ష ఫీజు, పుస్తకాలు, వాయిద్యం, అన్నీ తల్లిదండ్రుల కష్టార్జితమే.

వాక్యంలోకి వెళ్దాం. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం, 10వ వచనం తీయండి. మందిర సేవ చేసే లేవీయులకీ గాయకులకీ రావలసిన పాళ్లు అందలేదు. వాళ్లు మందిరం విడిచి తమ పొలాలకి వెళ్లిపోయారు. అప్పటి అధిపతి నెహెమ్యా వాళ్లకి భక్తి తక్కువైందని ఒక్క మాటైనా అన్నాడా? 11వ వచనంలో ఆయన నిలదీసింది అధికారులను. దేవుని మందిరాన్ని ఎందుకు విడిచిపెట్టారని అడిగి, గాయకులను వెనక్కి పిలిపించి వాళ్ల స్థానాల్లో నిలబెట్టాడు. అదే గ్రంథం 11:23లో గాయకులకి ఏ రోజు భత్యం ఆ రోజు అందాలన్న రాజాజ్ఞ ఉంది. 1 దినవృత్తాంతములు 9:33 చూడండి. గాయకులు రాత్రింబగళ్లు పనిలో ఉంటారు కనుక వాళ్లకి వేరే పనులు పెట్టలేదు. ఆరాధనలో సంగీతం పూర్తికాలపు పని అని అప్పుడే గుర్తించారు.

మా లూథరన్లకి ఇంకో సాక్ష్యం ఉంది. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1723 నుంచి లైప్‌జిగ్ నగరంలో చర్చి సంగీతం చూసుకున్నాడు. 1730లో చిన్ననాటి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో తన సంపాదన లెక్క విడమరిచి చెప్పాడు. ఏడాదికి దాదాపు 700 థాలర్లు (అప్పటి జర్మన్ వెండి నాణేలు). అందులో స్థిర జీతం చిన్న భాగమే, మిగతాది పెళ్లిళ్ల మీద, అంత్యక్రియల మీద వచ్చే రుసుములు. గాలి ఆరోగ్యంగా ఉండి ఊళ్లో చావులు తగ్గిన ఏడాది తన రాబడి కూడా పడిపోతుందని, అంతకుముందు సంవత్సరం అలా 100 థాలర్లకు పైగా పోయాయని రాశాడు. ఇంటినిండా పిల్లలున్న తండ్రి రాసిన ఉత్తరం అది. తన రచనల చివర 'దేవునికే మహిమ' అని లాటిన్ అక్షరాలు రాసుకున్నది కూడా ఆ మనిషే. లెక్క అడగడానికీ భక్తికీ ఆయన దగ్గర తగాదా లేదు.

మైనస్‌వన్_నల్గొండ
నవంబరు 18, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, చదువుతుంటే ధైర్యంగా ఉంది. కానీ ఊళ్లో పరిస్థితి వేరు. మా దగ్గర ఒకతను అడిగాడు. తర్వాతి నెల నుంచి పెన్ డ్రైవ్‌లో ట్రాకులు (ముందే రికార్డు చేసిన వాయిద్య సంగీతం) పెట్టి పాడుతున్నారు. అతను ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. అడిగితే ఉన్న చోటు కూడా పోతుందేమోనని నాకు టెన్షన్.

తబలా_విజయవాడ
నవంబరు 18, మధ్యాహ్నం 2:20

ట్రాకు సంగతి నేను చెప్తాను. స్పెషల్ సాంగ్‌కి ట్రాకు పనికొస్తుంది. ఆరాధనకి పనికిరాదు. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఉన్నట్టుండి ఒక కీర్తన ఎత్తుకుంటారు. ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ఆయనకే తెలియదు. కీబోర్డు అబ్బాయి రెండు మాటలు వినేలోపు స్కేలు పట్టుకోవాలి. సంఘం చప్పట్లతో వేగం పెంచుతుంది, మేం దాని వెంట పరుగెత్తాలి. ప్రార్థన మొదలైతే తగ్గాలి, కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే ఇంకా తగ్గాలి. చరణం ఎన్నిసార్లు తిప్పుతారో పాడేవాళ్ల మొహం చూసి తెలుసుకోవాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం రాసి ఉంటాయి, అవి తెలిసి వాయిస్తే ఆ పాట నిలబడే తీరే వేరు. ఇదంతా పెన్ డ్రైవ్ చేయదు. మీ కమిటీ వాళ్లకీ తెలుసు. పండగ దాకా ఆగండి, పిలుస్తారు.

సోప్రానో_వరంగల్
నవంబరు 18, రాత్రి 8:48

వాయిద్యాల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి క్వయర్‌లో పాడే ఆడవాళ్ల తరఫున నేను చెప్తాను.

మాకు కవరు కూడా ఉండదు. కన్వెన్షన్ మూడు రాత్రులు జరిగితే మూడు రాత్రులూ పాడతాం. ఒకే రంగు చీర కట్టుకోవాలంటారు, అది మేమే కొనుక్కోవాలి. పదిన్నరకి ముగింపు ప్రార్థన. ఆ తర్వాత ఆటో దొరకదు, దొరికినా రెట్టింపు అడుగుతాడు. పిల్లలకి అన్నం వండిపెట్టి వచ్చినవాళ్లం, మళ్లీ పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలి. కొత్త పాటలు నేర్పించే అక్క అయితే వారం ముందు నుంచే ఫోన్లో ఒక్కొక్కరికి ఆల్టో, టెనర్ స్వరాల వరుసలు విడివిడిగా పాడి పంపిస్తుంది. ఆ గంటలని ఎవరూ చూడరు.

నేను జీతం అడగను. పాడటం నాకు ప్రాణం, అది నా కానుకగానే ఇస్తున్నాను. కానీ రాత్రి ఇంటికి చేర్చే బాధ్యత సంఘానిది. వేదిక వెనక బ్యానర్ కోసం చేసిన ఖర్చులో కొంచెం పక్కన పెడితే మా ఆటోలు అయిపోతాయి. తమ్ముడూ, మీరు కమిటీలో మాట్లాడితే మీ ఒక్కరి కోసమే మాట్లాడకండి, ఇదీ కలపండి.

పల్లె_పాస్టరు_ప్రకాశం
నవంబరు 19, ఉదయం 5:30

ప్రైజ్ ద లార్డ్. మాది చిన్న పల్లె సంఘం, ఎక్కువ మంది కూలి పనికి వెళ్లేవాళ్లే. పొగాకు పనులున్న నెలల్లో కానుక కాస్త బాగుంటుంది, లేని నెలల్లో నాకే ఇల్లు గడవదు. మా కీబోర్డు అబ్బాయి పెయింటింగ్ పనికి వెళ్తాడు. ఆదివారం పని ఉన్నా మానుకుని వస్తాడు. అంటే ప్రతి వారం ఒక రోజు కూలి వదులుకుని మా మధ్య కూర్చుంటున్నాడు. ఈ సంగతి సంఘానికి ఎవరూ చెప్పలేదు. నేనే ఒక ఆదివారం ప్రసంగ వేదిక మీద నుంచి చెప్పాను.

మేం చేసింది ఇది. నెలలో మొదటి ఆదివారం సంగీత పరిచర్య పేరుతో విడిగా ఒక పెట్టె పెడతాం. మామూలు కానుకలో చేయి పెట్టడం లేదు కాబట్టి కమిటీ అడ్డు చెప్పలేదు. వచ్చినది ఎంతైనా అదే రోజు అందరి ముందు లెక్కపెట్టి అబ్బాయికీ డోలక్ వాయించే పెద్దాయనకీ ఇస్తాం. కోత అయ్యాక కొందరు బియ్యం, కందులు తెచ్చి ఇస్తారు. రెండోది, కీబోర్డు సంఘం పేరున కొన్నాం. సెకండ్ హ్యాండే, కానీ అది పాడైతే సంఘమే బాగు చేయిస్తుంది. అతని ఇంటి మీద భారం లేదు.

పెద్ద సంఘాలకి ఇది చిన్నగా కనిపించవచ్చు. ఈ పద్ధతి పెట్టాక అబ్బాయి ఒక్క ఆదివారమైనా ఆలస్యంగా రాలేదు. పాస్టర్లందరికీ నా విన్నపం ఒక్కటే. వాళ్లని అడిగే పరిస్థితికి తేకండి. మీరే ముందు మాట ఎత్తండి. పాస్టరు నోటి నుంచి వస్తే సంఘం వింటుంది, కుర్రాడి నోటి నుంచి వస్తే డబ్బు మనిషి అని ముద్ర వేస్తుంది.

కోశాధికారి_ఏలూరు
నవంబరు 19, ఉదయం 7:02

పాస్టరు గారూ, విడి పెట్టె ఆలోచన మాకు రాలేదు. లెక్క అందరి ముందు చూపించడం ఇంకా బాగుంది. మా కమిటీలో పెడతాను.

ఆర్గన్_డాలస్
నవంబరు 19, ఉదయం 9:37

నేను రాజమండ్రిలో పెరిగి ఇక్కడ అమెరికాకి వచ్చాను. ఆదివారం పొద్దున ఒక అమెరికన్ చర్చిలో ఆర్గన్ వాయిస్తాను, సాయంత్రం మన తెలుగు ఫెలోషిప్‌లో కీబోర్డు. మొదటిది ఉద్యోగం, రెండోది నా ఇష్టంతో ఇచ్చేది. రెండూ ఆరాధనే, మనసు పెట్టడంలో తేడా లేదు.

ఇక్కడ వారం వారం వాయించేవాళ్లని చాలా చర్చిలు ఉద్యోగులుగానే తీసుకుంటాయి, పన్ను కట్ చేసి ఏడాది చివర డబ్ల్యూ-2 (జీతం, పన్ను లెక్క చూపే ఫారం) ఇస్తాయి. ఒప్పందం కాగితం మీద ఉంటుంది. అందులో నాకు బాగా నచ్చింది గంటల లెక్క. ఆరాధన గంటే అయినా, దానికి ఇంటి దగ్గర చేసే సాధన, క్వయర్ రిహార్సల్, పాటల ఎంపిక కోసం పాస్టరుతో కూర్చునే సమయం, అన్నీ పని గంటలే. ఏడాదికి ఎన్ని ఆదివారాలు సెలవు, ఆ రోజుల్లో బదులు వచ్చేవాళ్లకి ఎవరు ఇస్తారు, పెళ్లికి విడిగా ఎంత, ఇవి కూడా రాసుకుంటాం.

రేట్లు ఖరారు చేసే సంగీతకారుల యూనియన్ పెట్టుకుందామని ఎవరైనా అనొచ్చు కాబట్టి ఒక సంగతి. 1896 నుంచి ఇక్కడ అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ అనే ఆర్గనిస్టుల సంస్థ ఉంది. ఒక చర్చిలో పెళ్లికి బయటి ఆర్గనిస్టు వాయించాలంటే అక్కడి ఆర్గనిస్టు అనుమతి తీసుకోవాలి, ఆయన వాయించకపోయినా ఆయన రుసుము ఆయనకి అందాలి అని వాళ్ల నియమావళిలో ఉండేది. చెల్లింపుల పట్టికలు కూడా ప్రచురించేవారు. ఇది పోటీని అణచడమేనని వ్యాపార పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. 2017లో గిల్డ్ ఆ నియమాలను వదులుకోవడానికి ఒప్పుకుంది. అయినా ఇక్కడి సంగీతకారులు రోడ్డున పడలేదు, ఎందుకంటే అసలు బలం ఎవరి ఒప్పందం వాళ్లు రాసుకోవడంలో ఉంది. మన దగ్గర కూడా జిల్లా అంతటికీ ఒకే రేటు గురించి కొట్టుకోవడం కన్నా, ఒక్కొక్క సంఘంతో ఒక్క పేజీ కాగితం రాసుకోవడం మేలని నా నమ్మకం.

స్వరసేవ_తెనాలి
నవంబరు 19, రాత్రి 10:10

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక ప్రశ్న. మా ఆరాధన ప్రతి ఆదివారం యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. మేం చేసిన క్రిస్మస్ పాటకి చాలా వ్యూస్ వచ్చాయి, ఛానల్ మానిటైజ్ అయింది అన్నారు. డిస్క్రిప్షన్‌లో మా ఎవరి పేర్లూ లేవు. దీనిలో నాకేమైనా హక్కు ఉంటుందా?

వకీలు_హైదరాబాద్
నవంబరు 20, ఉదయం 11:25

ఉంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. 2012 సవరణతో 38ఏ, 38బీ చేరాయి. మీ ప్రదర్శనని రికార్డు చేసి వ్యాపారపరంగా వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కు, ప్రదర్శకుడిగా మీ పేరు వేయమనే హక్కు వీటి నుంచే వస్తాయి. అందుకే సినిమా, ఆడియో కంపెనీలు ముందే సంతకం చేయించుకుంటాయి.

చాలామంది పాస్టర్లు చర్చికి కాపీరైట్ వర్తించదు అనుకుంటారు. 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉన్న మాట నిజం. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాటను ప్రదర్శించడం ఉల్లంఘన కాదు. అంటే మందిరంలో ఎవరి పాటైనా పాడుకోవచ్చు. దాన్ని రికార్డు చేసి ఛానల్లో పెట్టి ఆదాయం తీసుకోవడం వేరే వ్యవహారం. దానికి ఆ మినహాయింపు ఉందనుకోవద్దు.

ఇది కోర్టుకి వెళ్లమని చెప్పడం కాదు. మీ సంఘంతో మీకు బంధుత్వం ఉంది, అది చెడకూడదు. రాసుకునే కాగితంలో రెండు వాక్యాలు కలపండి చాలు. వీడియో కింద వాయించిన, పాడిన అందరి పేర్లూ ఉండాలి. ఛానల్ మీద ఆదాయం వస్తే అందులో ఎంత భాగం సంగీత బృందానికి అన్నది కమిటీ నిర్ణయించి రాయాలి. పేరు వేయడానికి ఖర్చేమీ కాదు, ఆ ఒక్కటి ఈ ఆదివారం నుంచే అడగండి.

లూథరన్_మాస్టారు_గుంటూరు
నవంబరు 20, మధ్యాహ్నం 3:15

బాబూ, కమిటీకి వెళ్లేముందు ఒక సలహా. పోయిన డిసెంబరు కథతో మొదలుపెట్టవద్దు. అది చెప్తే ఎదుటివాళ్లు తమని తాము సమర్థించుకుంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. ఈ డిసెంబరు కార్యక్రమాల జాబితా తీసుకెళ్లండి. ఏ తేదీన ఏముంది, ప్రాక్టీసు ఎన్ని సాయంత్రాలు, ఎవరెవరు కావాలి, ఏ వాయిద్యం ఎవరిది. దాని పక్కన మీరు ఉచితంగా ఇస్తున్నవి కూడా రాయండి. ఆదివారం ఆరాధన నా కానుక అని మీకు అనిపిస్తే అలాగే రాయండి. భూస్థాపనకి డబ్బు తీసుకోను అని రాయండి, ఏడుస్తున్న ఇంట్లో బేరం వద్దు. ఏది ఇస్తున్నారో, దేనికి తీసుకుంటారో రెండూ ఒకే కాగితం మీద కనబడితే మీ మనసు వాళ్లకి అర్థమవుతుంది. ముందు పాస్టరు గారిని ఇంటి దగ్గర ఒంటరిగా కలవండి. మీటింగులో ఆయన మొదటిసారి వినకూడదు.

స్వరసేవ_తెనాలి
నవంబరు 28, రాత్రి 9:20

మాస్టారు చెప్పినట్టే పాస్టరు గారిని ముందు కలిశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కీబోర్డు ఈఎంఐ సంగతి తనకి తెలియదన్నారు. మందిరానిదే అనుకున్నారట. కమిటీలో ఆయనే మాట ఎత్తారు.

ఒప్పుకున్నవి: డిసెంబరులో సెమీ క్రిస్మస్, 24 రాత్రి, 31 రాత్రి, ఈ మూడింటికి నాకూ డోలక్ బ్రదర్‌కీ ఒక్కో కార్యక్రమానికి 1,500. బయటి ఆర్టిస్టుకి ఇచ్చేదాంట్లో అది సగం కూడా కాదు, అయినా మొదటిసారి ఒక అంకె రాశారు. స్టేజీ మీద వాయిద్యం పాడైతే రిపేరు సంఘానిది. స్టెబిలైజర్ ఒకటి కొంటున్నారు. రాత్రి తొమ్మిది దాటితే క్వయర్ అక్కలకి ఆటో ఖర్చు సంఘం ఇస్తుంది. వీడియోల కింద పేర్లు వేస్తారు.

ఒప్పుకోనివి: నెల జీతం, ఛానల్ ఆదాయంలో భాగం. ఇద్దరు పెద్దలు గట్టిగానే మాట్లాడారు. ఒకాయన, మా నాన్న బతికుంటే నన్ను చూసి సిగ్గుపడేవాడన్నారు. అది తట్టుకోవడం కష్టమైంది, బదులు చెప్పలేదు. నెల జీతం మాట జనవరి జనరల్ బాడీలో మళ్లీ పెడతామన్నారు.

సోప్రానో_వరంగల్
నవంబరు 28, రాత్రి 9:41

ఆటోల సంగతి అడిగినందుకు థాంక్స్ తమ్ముడూ. మీ నాన్నగారి గురించి అన్న మాట పట్టించుకోకండి. ఈ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాశారా? రాసి సంతకాలు పెట్టించండి. మా దగ్గర నోటి మాటగా ఒప్పుకున్నవి కమిటీ మారగానే పోయాయి.

స్వరసేవ_తెనాలి
నవంబరు 28, రాత్రి 9:58

ఇంకా రాయలేదక్కా. ఆదివారం ఆరాధన అయ్యాక సెక్రటరీ గారి దగ్గర కూర్చుని రాయిస్తాను.

తబలా అన్నా, 31 రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా ఆరాధన, మీకు ఖాళీ ఉందా? ఈసారి బయటివాళ్లని పిలిచే పని కమిటీ నాకే ఇచ్చింది. మీ రేటు, పెట్రోలు కలిపి చెప్పండి, అదీ అదే పుస్తకంలో రాయించాలి.

తబలా_విజయవాడ
నవంబరు 28, రాత్రి 10:04

ఆ రాత్రి గుణదలలో ఒకటి ఒప్పుకున్నాను తమ్ముడూ. అది పదకొండు దాటాకే వదులుతారు, అందుకోలేను. నా శిష్యుడు మంగళగిరిలో ఉంటాడు, చేయి శుభ్రంగా ఉంటుంది, కీర్తనలు తెలుసు. రేపు పొద్దున అతనితో మాట్లాడి చెప్తాను. కొత్తవాడు కదా అని తక్కువ రాయకండి, నాకు రాసేదే అతనికీ రాయండి.